బాపుకు ఇంగ్లండు కవెంట్రీ నుంచి, కారు ముచ్చట

బాపూ,

ఎట్లున్నవు? అమ్మ మోకాళ్ళ నొప్పులు జర తగ్గినయా? వరంగల్ల ఎండలు మస్తు కొడుతున్నయని చెల్లె చెప్పింది, పగటిపూట బయటికి పోకు, ట్యాంకుల నీళ్ళు చూస్తనని మిద్దె అసలే ఎక్కకు, బీపీ గోలి మర్చిపోకు. మేం మంచిగున్నం. ఆఫీసు ఎప్పటి లెక్కనే నడుస్తుంది, దాని గురించి చెప్పేదేం లేదు. పిల్లగాడు బడి నుంచి రాంగనే ఇంగ్లీషే మాట్లాడుతుండు కానీ తాత పేరు తీస్తే మాత్రం తెలుగులకు వస్తుండు. అమ్మ పంపిన మామిడికాయ తొక్కు ఇంక సగం సీసా ఉన్నది, దాచుకొని దాచుకొని తింటున్నం.

ఈ ముచ్చట ఫోన్ల చెప్దామంటే నువ్వు సగం ఇనంగనే "సరే బిడ్డా, అమ్మతోని మాట్లాడు" అని ఫోను ఇచ్చేస్తవు. అందుకే రాస్తున్న, కండ్లద్దాలు పెట్టుకొని తీరికగ చదువు.

అక్కోళ్ళు డూప్లికేట్ పోర్షా కొంటున్నరట అని చెల్లె నీతోని అన్నదట గదా, నువ్వు ఏం మాట్లాడకుంట లేచి షెడ్డు దిక్కు పోయినవట. నువ్వు తిడితే నాకు బాధ ఉండదు బాపూ, నువ్వు మాట్లాడకపోతేనే మనసు మనసుల ఉండది. మొదలు పైసల సంగతి చెప్త. చెల్లె పెండ్లికని పెట్టిన దాని జోలికి మేం పోలే, పోము. ఇల్లు కొనుక్కునేటందుకు జమ చేస్తున్నది కూడ అట్లనే ఉన్నది. ఇది మేమిద్దరం సెలవులకు ఎటూ పోకుంట పక్కకు పెట్టుకున్నది, అప్పు లేదు, కిస్తీ లేదు. నీ అల్లుడికి చిన్నప్పటి నుంచి ఓపెన్ టాపు పాత బండి ఒకటి ఉండాలని కోరిక, నేను నీ షెడ్డుల పానాల నడుమ పెరిగిన పిల్లను, బండ్లంటే ప్రాణం, ఇండ్ల తప్పేం లేదు. లోకమంతా కొత్త కార్లకు ఇంతకు రెండింతలు పెడుతుంటే ఎవ్వరూ ఏమనరు.

ఇగ బండి సంగతి. నీ అల్లుడు చూసింది పోర్షా 356 స్పీడ్‌స్టర్ నమూనాల చేసిన బండి. అసలుది 1954ల వచ్చింది. అమెరికాల పోర్షాలు అమ్మే మాక్స్ హాఫ్‌మన్, జర చౌకల ఓపెన్ బండి కావాలని కంపెనీ ఎంబడి పడితే చేసిన్రు, పొట్టి అద్దం, పల్చటి సీట్లు, ఇంక ఏ హంగు లేకుంట, ధర 3,000 డాలర్ల లోపే. 1958 దాంక చేసింది నాలుగు వేల చిల్లర బండ్లే, అందుకే ఇప్పుడు ఒక్కోటి లక్షల డాలర్లు పలుకుతుంది, మన ఇల్లు, షెడ్డు జాగ రెండూ అమ్మినా చాలయి. కాబట్టి అసలు స్పీడ్‌స్టరా నకలు స్పీడ్‌స్టరా అన్న మాటే మాకు లేదు. నకలు స్పీడ్‌స్టరా, లేకుంటే అండ్ల సగం ధరకు దొరికే వేరే అసలు పాత బండా, మా ఇంట్ల లొల్లి అంతా ఇదే. నీ అల్లుడు మొదటి దిక్కు, నేను రెండో దిక్కు.

నకలుదంటే చీదరగ చూడకు, అది ఎట్ల చేస్తరో ఇను. కింద ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఫ్లోరు. ముందటి చక్రం నుంచి ఎనక చక్రం దాంక బీటిల్‌కు 2,400 మిల్లీమీటర్లు, స్పీడ్‌స్టర్‌కు 2,100, అందుకే నడుమల 30 సెంటీమీటర్లు కోసి తీసేసి మల్ల వెల్డింగ్ పెడ్తరు, మీద ఫైబర్ బాడీ కూసోబెడ్తరు. ఇంజిన్ ఎనక, అదీ బీటిల్‌దే, మేం చూసినదాంట్ల 1,584 సీసీ, గాలితోనే చల్లబడ్తది, రేడియేటరే లేదు. ఇండ్ల తప్పు పట్టేటందుకు కూడ లేదు, ఎందుకంటే 1948ల ఫెర్రీ పోర్షా మొదటి 356 చేసినప్పుడు సామాను చాలా మటుకు ఫోక్స్‌వ్యాగన్‌దే వాడిండు, బీటిల్ గీసింది వాళ్ళ నాయిననే గదా. ఫైబర్ గనుక తుప్పు పట్టది, బీటిల్ సామాను ఎక్కడన్న దొరుకుతది. నేను నడిపి చూసిన బాపూ, అబద్ధం చెప్ప, మస్తు మంచిగున్నది, ఎనక నుంచి ఆ ఇంజిన్ చప్పుడు, ముంగట గుండ్రటి రెండు ఫెండర్ల నడుమ రోడ్డు, దిగబుద్ధి కాలే.

కానీ ముందటి మూత మీద పోర్షా బిళ్ళ అతికిచ్చి ఉన్నది. ఇదెందుకు అని అడిగితే అమ్మే పెద్దమనిషి నవ్వి, అందరూ పెట్టుకుంటరు అన్నడు. నీ అల్లుడేమో అది పెద్ద ముచ్చటే కాదు, ఇంటికి తెచ్చినంక పీకేద్దాం అంటుండు. నాకు మాత్రం ఆ బిళ్ళ చూడంగనే నువ్వే యాదికొచ్చినవు. కంపెనీ డబ్బల నకిలీ బ్రేకు సామాను పెట్టి తెచ్చిన టాక్సీ ఆయనతోని నువ్వు పెట్టుకున్న లొల్లి నాకు ఇప్పటికీ కండ్ల ముంగట ఉన్నది, లోకల్ది అని చెప్పి తెస్తే నేనే ఏస్తుంటి, మీద కంపెనీ పేరు రాసుకొని వస్తే మాత్రం నా షెడ్డుల ఎయ్య అన్నవు. నేను నేర్చుకున్నది అదే. నేను రెప్లికా, అంటే నకలును అని ముఖం మీద చెప్పే బండి డూప్లికేట్ కాదు, దాన్ని నేను గౌరవిస్త, చేతి పనితనం అండ్ల ఉన్నది. పేరు మార్చుకొని తిరిగేదాంతోనే నాకు పడది.

బిళ్ళ అయితే పీకొచ్చు, కాగితాలు ఎట్ల పీకుతం. కాగితాలల్ల అది ఇంక పాత బీటిలే. ఇక్కడి రిజిస్ట్రేషన్ ఆఫీసు లెక్క 2025 ఆగస్టు దాంక ఏందంటే, ఎవ్వరన్న బండిని మార్పిస్తే దానికి పాయింట్లు చూస్తుండిరి, పాత నంబరు ఉంచుకోవాలంటే 8 పాయింట్లు రావాలె, అండ్ల చాసిస్ మార్పు లేకుంట ఉంటేనే 5 పాయింట్లు. మరి దీని ఫ్లోరు నడుమలకు కోసిండ్రు, ఆ 5 పాయె. అప్పుడు ఎవ్వరన్న పరీక్షగ చూస్తే పాత నంబరు గుంజుకొని, ఏ బండో పక్కా తెల్వని బండ్లకు ఇచ్చే క్యూ అక్షరం నంబరు ఇస్తుండిరి. ఇప్పుడు ఆ లెక్క పోయింది కానీ, చేసిన మార్పు కాగితాలల్ల లేకుంటే అమ్ముదామన్నా ధర పడిపోతది, ఇన్సూరెన్సు కాడ కూడ లొల్లి. కాగితం ఒకటి, బండి ఒకటి. అదే మొదటి నుంచి రెప్లికా అని రాయించుకొని, ఇక్కడి పరీక్ష పాసై, తన పేరు మీద తను తిరుగుతున్నది దొరికితే నేను కూడ సరే అంటుంటి.

అమ్మకు ఒక మాట చెప్పు, పిల్లగాడిని ఈ బండి ఎక్కియ్యం. రెండే సీట్లు, ఎయిర్ బ్యాగులు ఉండయి, అది ఏ బండి కొన్నా అంతే. బడికి, ఆఫీసుకు మా మామూలు కారు ఉన్నది. ఇది ఎండ కాసిన ఆదివారం తీసి మల్ల గ్యారేజీల పెట్టుకునే బండి, చలికాలం అసలు బయటికే తియ్యం, మంచు కరిగేటందుకు రోడ్ల మీద ఉప్పు చల్లుతరు, అది ఇనుము తినేస్తది. అమ్మ ఊకెనే భయపడకుంట నువ్వే జర మంచిగ చెప్పు, నేను చెప్తే ఏడుస్తది.

ఇగ నాకు నచ్చిన బండి పేరు ఎమ్‌జీబీ. ఇప్పుడు హన్మకొండ రోడ్ల మీద తిరిగే ఎమ్‌జీ హెక్టర్ పేరు చూసి అదే అనుకోకు, ఇది వేరే కాలంది, పాత ఇంగ్లీషు ఓపెన్ బండి. 1962 నుంచి 1980 దాంక ఆక్స్‌ఫర్డ్ పక్కనున్న ఆబింగ్డన్ల చేసిన్రు, 5 లక్షలకు పైన, అందుకే ధర మన అసొంటోళ్ళకు అందుతది. ఇంజిన్ ఏందో ఎరికేనా, బీఎంసీ అనే పాత ఇంగ్లండు కంపెనీ చేసిన బీ సిరీస్, 1,798 సీసీ. నీ అంబాసిడర్ల ఉన్న 1,489 సీసీ ఇంజిన్ కూడ బీ సిరీసే! రెండూ ఒక్క ఖాందాన్. మన అంబాసిడర్ అంటే ఆక్స్‌ఫర్డ్ కౌలీల చేసిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీసు, దాన్నే బెంగాల్ల ఉత్తర్‌పారా ఫ్యాక్టరీల 2014 దాంక చేసుకుంట వచ్చిన్రు. ఒక ఆయన ఇంటి ముంగట బానెట్ లేపంగనే నేను ఆడనే నిలబడ్డ. కార్బొరేటర్లు, సైలెన్సర్ పైపు ఒక దిక్కే, డిస్ట్రిబ్యూటర్ అవతలి దిక్కు, రాకర్ కవర్ అదే తీరు, దీనికి ఎస్‌యూ కంపెనీ కార్బొరేటర్లు రెండు, గంతే. మేడారం జాతరకు పోయే టాక్సీలు మన షెడ్డు ముంగట వరసగ ఆగి ఉన్నప్పుడు నువ్వు టార్చిలైటు నా చేతికిచ్చి ఇటు కొట్టు, అటు కొట్టు అంటుంటివి, ఆ ఇంజినే. ఆయనకు నేను ఏది ఎక్కడుంటదో చూపెట్టి చెప్తుంటే నీకెట్ల తెలుసు అని అడిగిండు, మా నాయిన మెకానిక్ అని చెప్పిన.

ఆ బండి మాత్రం తీస్కోలే. ఎర్ర రంగు, అద్దం లెక్క మెరుస్తుంది, నీ అల్లుడు కూడ ఇదైతే సరే అన్నడు. నేను సంచిల నుంచి మ్యాగ్నెట్ తీసిన. పాత స్పీకర్ల నుంచి నువ్వు తీసిచ్చిన గుండ్రటిది, రంగుకు గీత పడకుంట చుట్టిన నీ బనీను గుడ్డ తోనే ఉన్నది. డోరు మీద పెడితే పట్టుకున్నది, ఫెండర్ మీద పట్టుకున్నది, డోరు కింద పట్టీ మీద పెట్టంగనే జారి నా చేతులకే వచ్చింది. జరంత ముందుకు జరిపిన, జారింది. ఎనక చక్రం దాంక అట్లనే. లోపల ఇనుమే లేదు బాపూ, అంతా పుట్టీ. అంబాసిడర్‌కు ఉన్నట్టే దీనికి కూడ వేరే చాసిస్ లేదు, బాడీయే చాసిస్, అండ్ల మీద ఇది ఓపెన్ బండి, బరువంతా ఆ పట్టీల మీదనే. జాకీ ఎత్తి డోరు తెరిచి చూస్తనన్న, ఎత్తంగనే డోరు ఎనక అంచు బాడీకి రాసుకున్నది, సందు మూసుకపోయింది. ఆయనకు దండం పెట్టి వచ్చినం.

కారెక్కంగనే నీ అల్లుడు మొదలు పెట్టిండు, ఒరిజినల్ ఒరిజినల్ అన్నవు, సగం పుట్టీ ఉన్నది, ఇంక ఒరిజినల్ ఏంది అని. ఆ మాటల నిజం ఉన్నది. 1988 నుంచి ఎమ్‌జీబీకి కొత్త బాడీ మొత్తం బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే కంపెనీ పాత అచ్చుల మీదనే చేసి అమ్ముతుంది, దాన్ని తెచ్చి పాత ఇంజిన్, పాత గేర్ బాక్సు బిగిస్తే ఏమనాలె? ఇక్కడ మా ఊర్ల జాగ్వార్ బ్రౌన్స్ లేన్ ఫ్యాక్టరీ 1957 ఫిబ్రవరిల అంటుకున్నప్పుడు ఎక్స్‌కేఎస్‌ఎస్ అనే బండ్లు తొమ్మిది కాలిపోయినయి, 2016ల ఆ కంపెనీయే ఆ తొమ్మిదింటినీ మల్ల చేస్తమని చెప్పింది. కంపెనీ చేసింది గనుక అసలా, అరవై ఏండ్ల తర్వాత చేసింది గనుక నకలా? మేమిద్దరం ఇంటికొచ్చే దాంక వాదించుకున్నం. నాకైతే ఎన్ని భాగాలు పాతయి అన్న లెక్క కంటే ఏం మార్చిన్రో దాచకుంట చెప్పిండ్రా లేదా అన్నదే ముఖ్యం. కొత్త బాడీ ఏసి బిల్లులన్నీ చూపెట్టేటోని బండి నేను కండ్లు మూసుకొని కొంట, పుట్టీ పెట్టి రంగు కొట్టినోని దగ్గర ముట్ట.

పెట్రోలు సంగతి కూడ అడుగుదామనుకున్న. మన దగ్గర ఇరవై శాతం ఇథనాల్ కలుపుతున్నరని నువ్వు తిడుతున్నవట, ఇక్కడ 2021 సెప్టెంబర్ నుంచి మామూలు పెట్రోల్ల పది శాతం దాంక ఉన్నది, పాత బండ్లకు రబ్బరు పైపులు పాడైతయని ఐదు శాతంది, ఖరీదుది, పోయించుకుంటరు. పైపులు మార్చుకుంటే చాలునా, కార్బొరేటర్ లోపలి సామాను కూడ మార్చాల్నా?

అసలు సంగతి చెప్త. బీటిల్ ఇంజిన్ నువ్వు ఎప్పుడూ ముట్టలే. అది పాడైతే ఇక్కడి మెకానిక్ దగ్గరికి పోవాలె, ఆయన గంటకు తీసుకునేది వింటే నీకు అన్నం సయించది. ఎమ్‌జీబీ అయితే వీడియో కాల్ చేసి బానెట్ లేపి చూపెడ్త, నువ్వు చెప్తుంటే నేను చేస్త. మోకాళ్ళు సహకరిస్తలేవని షెడ్డుకు తాళం ఏసినప్పటి నుంచి నువ్వు గమ్మున కూసుంటున్నవని అమ్మ చెప్తనే ఉన్నది. చేతులు మంచిగనే ఉన్నయి గదా బాపూ. అమ్మను తీస్కొని జూలైల రా, వీసా కాగితాలన్నీ నేనే చూసుకుంట, అప్పుడు ఇక్కడ మనకు కార్తీకమాసం చలి లెక్క ఉంటది, స్వెట్టరు ఉంటే చాలు. గ్యారేజీల కుర్చీ ఏస్త, నువ్వు కూసొనే చెప్పు. బండి కొనేది కూడ నువ్వొచ్చినంకనే, అప్పటి దాంక చూసుకుంట ఉంటం. నీ అల్లుడు కూడ దీనికి ఒప్పుకున్నడు, మామయ్య మంచిదంటే అదే తీస్కుందాం అన్నడు, ఆయనకు నీ మాట మీద ఎంత గురి ఉన్నదో నీకు తెలుసు.

పాస్‌పోర్టు ఎప్పటి దాంక ఉన్నదో చూసి చెల్లెతోని ఫొటో పంపియ్యి, అమ్మది కూడ. ఇంకో బండి చూసేటందుకు వచ్చే వారం పోతున్నం, ఇది 1972ది, క్రోమ్ బంపర్లది, ఇంజిన్ కింద జరంత ఆయిల్ కారుతుందని అమ్మేటాయనే ముందుగల చెప్పిండు. ఎనక సీల్ దగ్గర కారితే ఇంజిన్ దించాల్నా, అట్లనే నడిపియ్యొచ్చునా? దీని పుస్తకంల ట్యాపెట్ సందు 0.015 ఇంచు అని రాసి ఉన్నది, నువ్వు అంబాసిడర్‌కు ఎంత పెడుతుంటివి, చల్లగున్నప్పుడు చూస్తుంటివా వేడి మీదనా, శనివారం లోపల చెప్పు.

నీ పెద్దబిడ్డ