మా చిన్నాయనను ఆదుకున్న అమ్మకు కృతజ్ఞతలు

మహబూబ్‌నగర్ బస్టాండులో మా చిన్నాయన ఫిట్స్ వచ్చి పడిపోయినప్పుడు, చుట్టూ ఉన్నవారు "కల్లు ఎక్కువైంది, వదిలెయ్యిండ్రి" అంటూ పక్కకు జరుగుతుంటే, ముందుకు వచ్చి ఆయనను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టిన అమ్మకు మా కుటుంబం కృతజ్ఞతలు తెలుపుకుంటోంది. చేతిలో తాళాలగుత్తి పెట్టబోయినవారిని మీరే వారించారు. ఎక్కించుకోనన్న ఆటో డ్రైవరును "తాగినా తాగకున్నా మనిషే గదా బిడ్డా" అని ఒప్పించిందీ మీరే. పేరు అడిగేలోపే వెళ్లిపోయారు.

మా ప్రాంతంలో కల్తీకల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్ వంటి మత్తుమందులు కలపడం కొత్త సంగతేమీ కాదు. ఏళ్ల తరబడి దానికి అలవాటుపడినవారు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, లేనివి కనిపించడం, ఫిట్స్ రావడం జరుగుతాయని, అందుకే వైద్యుల పర్యవేక్షణలో మెల్లమెల్లగా మాన్పించాలని డాక్టరు మాకు వివరించారు. అంటే చిన్నాయన పడిపోయింది తాగినందుకు కాదు, మానినందుకు. ఊరు మాత్రం (చదువుకున్నవారితో సహా) ఆయనను ఇంకా తాగుబోతనే పిలుస్తోంది. పెళ్లి పిలుపులు సైతం ఆయన గడప దాటి పోతున్నాయి.

మద్యం, మాదకద్రవ్యాల వాడకంతో ముడిపడిన మానసిక స్థితులను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అనారోగ్యంగానే గుర్తించి, వివక్ష లేని చికిత్సను హక్కుగా ఇచ్చింది. ఆ చట్టం సంగతి మీకు తెలుసో లేదో గాని, మీరు నడుచుకున్నది అచ్చంగా అలాగే.

చిన్నాయన ఇప్పుడు క్రమం తప్పకుండా మందులు వాడుతున్నారు. ఈ మాటలు మీ కంటపడితే దయచేసి ఒకసారి మా ఇంటికి రండి. మీకు బొట్టు పెట్టి చీర పెట్టాలని మా చిన్నమ్మ ఎదురుచూస్తోంది.