శ్రావణమాసపు ఆర్డర్ల గురించి, నా చేతి గురించి

మా దగ్గర ఏటికొప్పాక లక్క బొమ్మలు కొనే అందరికీ నమస్కారం. గడచిన మాఘమాసంలో, పెళ్లిళ్ల ఆర్డర్లు ముమ్మరంగా ఉన్నప్పుడు, లేత్ (కర్రను తిప్పే యంత్రం) మీద నా ఎడమచేతికి గాయమై పని ఆగిపోయిందని మీలో చాలామందికి ఫోనులో చెప్పాను. ఇప్పుడు మళ్లీ పనిలో కూర్చుంటున్నాను. అయితే ఏ పని చేయగలుగుతున్నానో, ఏది చేయలేకపోతున్నానో చెప్పకుండా శ్రావణమాసపు ఆర్డర్లకు అడ్వాన్సు పుచ్చుకోవడం న్యాయం కాదు కనుక ఇది రాస్తున్నాను.

ప్రమాదంలో తప్పు నాదే. ఆ రోజు కుంకుమ భరిణెల కోసం లేత్‌కు ఎక్కించిన అంకుడు కర్రలో ముడి కనబడుతూనే ఉంది. పక్కన పడేయవలసిన ఆ ముక్కను, సాయంత్రంలోగా 40 భరిణెలు పూర్తి చేయాలన్న ఆత్రంలో అలాగే తిప్పాను. ఉలి ముడికి తగిలి ఎగిరి, చూపుడు వేలి మొదట్లో లోతుగా దిగింది. ఊళ్లో అందరూ నరం తెగిందన్నారు కానీ, తెగినవి రెండు: వేలిని ముడిచే స్నాయువు (కండను ఎముకకు కలిపే తాడు వంటిది) ఒకటి, వేలి కొసకు స్పర్శ తెలిపే నరం ఒకటి. రెండింటినీ ఆపరేషన్ చేసి కుట్టారు.

స్నాయువు సంగతి చిత్రమైనది. తొందరపడి బలం పెడితే కుట్టు తెగిపోతుంది, భయపడి అసలు కదపకుండా ఉంచితే చుట్టూ ఉన్న కండకు అతుక్కుని వేలు బిగుసుకుపోతుంది. అందుకే 6 వారాలు చేతికి స్ప్లింట్ ఉంచి, దానిలోనే కొలత ప్రకారం వేలిని ఆడించే వ్యాయామం చేయించారు. 12 వారాల వరకు దేన్నీ గట్టిగా పట్టుకోవద్దని చెప్పారు. (మీరు ప్రేమతో పంపిన తైలాలన్నీ అందాయి. డాక్టరు వద్దన్నందువల్ల వాడలేదు, మన్నించండి.)

గట్టిగా పట్టుకోవద్దన్న మాట మాత్రం నేను పూర్తిగా వినలేదు. 10వ వారంలో, చైత్రమాసం చివర, ఒక ఒడుగు ఆర్డరు పోతుందన్న బాధతో లేత్ దగ్గర కూర్చుని 60 భరిణెలు తీశాను. వేలికి ఏమీ కాకపోవడం నా అదృష్టం. కానీ భరిణెలు మాత్రం బాగా రాలేదు. మూత బిగువును మేము కొలబద్దతో చూడం, వేలి కొసతో అంచును తడిమి తెలుసుకుంటాం. నా వేలి కొసకు అప్పటికి ఏమీ తెలియడం లేదు.

ఇప్పటికీ సగమే తెలుస్తోంది. నరం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతుందట, కొస దాకా చేరినా స్పర్శ మునుపటంతగా వస్తుందని చెప్పలేమట. మొన్న లక్కకు మెరుగు పెట్టడానికి మొగలి ఆకు అంచు ముళ్లు తీస్తుంటే, ఆకు మీద రక్తపు మరక కనబడేదాకా ముల్లు దిగిన సంగతే తెలియలేదు. తిరిగే కర్రకు లక్క కడ్డీ ఆనించినప్పుడు ఆ రాపిడి వేడికే లక్క కరుగుతుంది కదా, అంత వేడి దగ్గర మొద్దుబారిన వేలు పెట్టడం ఎంత ప్రమాదమో మీకు వేరే చెప్పనక్కరలేదు.

అందువల్ల ఈ శ్రావణానికి భరిణెల ఆర్డర్లు తీసుకోవడం లేదు. లక్కపిడతలు, బొంగరాలు మా తమ్ముడు తీస్తాడు. అతని చెయ్యి వాటిలో నాకంటే నెమ్మదే అయినా, నాకంటే శుభ్రం. కర్ర ఎంపిక, ఆరుదల, రంగుల పాళ్లు నేను చూసుకుంటాను, పొద్దున రెండు గంటలు తొలి చెక్కుడు కూడా చేస్తున్నాను. భరిణెలకు ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవారికి ఆషాఢం వెళ్లేలోగా మొత్తం తిరిగి పంపుతాను. భరిణెలే కావాలంటే మా ఊళ్లో బాగా చేసే వేరే పనివారి నంబరు ఇస్తాను, అందులో నాకు కమీషన్ ఏమీ ఉండదు.

చైత్రంలో పంపిన ఆ 60 భరిణెల విషయం మిగిలింది. 2017లో మా బొమ్మలకు భౌగోళిక గుర్తింపు (ఫలానా ఊరి సరుకని చెప్పే జీఐ ట్యాగ్) వచ్చిన తరువాత, నా చేతిలో వదులైన మూత ఊరందరి పేరునూ చెడగొడుతుంది. దయచేసి ఒక్కసారి మూత పట్టుకుని భరిణెను పైకెత్తి చూడండి. అడుగుభాగం జారి కింద పడితే నాకు ఫోన్ చేయండి. కొరియర్ ఖర్చు నాదే, డబ్బు కావాలన్నా, మా తమ్ముడు నేర్చుకున్నాక కొత్త భరిణె కావాలన్నా మీ ఇష్టం.