మన సంఘం వార్షిక నివేదిక 2024-25: మూసీ ఒడ్డున ఏమొస్తుందో అడుగుతూ గడిచిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం, సలాం.

ఈ నివేదిక మార్చి అయిపోంగనే మీ ముందు చదవాల్సింది, గానీ జనరల్ బాడీ మీటింగు రెండుసార్లు పెడితే రెండుసార్లూ కోరం కాలే. మొదటిసారి 19 మంది, రెండోసారి 23 మంది. మన సంఘంల 164 ఇండ్లున్నయి, ఈ మాట మీకు గుర్తు చేయాల్సి వస్తున్నందుకు నాకు బాధగానే ఉన్నది. ఎట్లాగూ లేటయింది కాబట్టి 2025 సెప్టెంబర్ వరద సంగతి కూడా ఇందుల కలిపిన, లెక్కలు మాత్రం మార్చి 31 వరకే.

రోజువారీ పనులు అయితే అయినయి. రెండో లైన్ల మోరి పూడిక రెండుసార్లు తీయించినం, మూడు వీధి దీపాలు మార్పించినం, బోనాలు, బతుకమ్మ, రంజాన్ల ఇఫ్తార్ ఎప్పటిలెక్కనే అందరం కలిసి చేసుకున్నం. వీటి గురించి ఇంతే రాస్త, ఎందుకంటే ఈ ఏడాదంతా మనల్ని నిద్ర పోనియ్యంది ఒక్కటే, మూసీ నదిని, దాని ఒడ్డును బాగుచేస్తమని సర్కారు అంటున్న ఆ పెద్ద రివర్‌ఫ్రంట్ ప్రాజెక్టు.

2024 సెప్టెంబర్ల సర్వే టీములు వచ్చి చాదర్‌ఘాట్, మూసానగర్, శంకర్‌నగర్ దిక్కు ఇండ్ల గోడల మీద ఎర్ర పెయింటుతోటి ఆర్‌బీ-ఎక్స్ అని రాసిపోయిన సంగతి హైదరాబాద్ అంతా చూసింది. మన దగ్గర 41 గోడల మీద రాసిండ్రు. అది ఎందుకు రాసిండ్రు, ఆ ఇల్లు పోతదా ఉంటదా, ఎన్ని రోజుల టైము, ఎవరిని అడగాలె, ఒక్క కాగితం గూడా ఎవ్వరి చేతుల పెట్టలే. మూడో లైన్ చివరింటి పెద్దమ్మ మర్నాడు పొద్దుగాలనే సున్నం కలుపుకొచ్చి ఆ రాతల మీద పూసింది, ఎండినంక ఎరుపు మల్ల పైకొచ్చింది, మల్ల పూసింది, ఇప్పటికి ఐదుసార్లు పూసింది, ఇంకా గులాబీ రంగుల ఆ అక్షరాలు కనిపిస్తనే ఉన్నయి. నేను పోయి కూసుంటే "ఇది ఎవరు పెట్టిన బొట్టు కొడుకా, తీస్తే పోతలేదు" అన్నది. నా దగ్గర జవాబు లేకుండె.

కాగితం లేని కాడ మాట పెరుగుతది. ఆ నెల తర్వాత మన బస్తీల రోజుకో మాట. ఒకరు మొత్తం దుబాయ్ వాళ్ళకు అమ్మేసిండ్రు అంటరు, ఇంకొకరు సింగపూర్ వాళ్ళ డిజైన్ అంటరు, ఒకాయన లండన్ల ఉన్నంత పెద్ద జెయింట్ వీల్ ఇమ్లీబన్ బస్టాండు పక్కన వస్తదని ఒట్టేసి చెప్పిండు. నది మీదనుంచి పొడుగూత ఫ్లైఓవర్ అంట, నలభై అంతస్తుల టవర్లంట, రాత్రి బజార్ అంట. బఫర్, అంటే నది పక్కన ఇండ్లు లేకుండ వదిలే జాగ, వంద మీటర్లు కాదు రెండు వందలు అని ఒక రోజు, అసలు ప్రాజెక్టే ఆగిపోయింది అని తెల్లారి. చాయ్ హోటల్ల కూసుని వినేటోళ్ళకు ఇది టైంపాస్ కావచ్చు, మనకు కాదు. ఈ మాటల వల్ల ఐదిండ్ల కిరాయిదార్లు ఖాళీ చేసి పోయిండ్రు, ఒకాయనకు ఇంటి మీద లోన్ అన్నీ అయినంక ఆఖరి రోజు ఆపిండ్రు, ఒక ఆడపిల్ల సంబంధం "ఇల్లు ఉంటదో పోతదో" అన్న మాట మీద తప్పిపోయింది. బ్రోకర్లు తిరుగుడు షురూ చేసిండ్రు, ఎట్లాగూ పోయేదే కదా సగం ధరకు ఇయ్యి అని. ఇద్దరు ఇచ్చేసిండ్రు గూడా. వాళ్ళను తప్పు పడతలేను, భయం అట్లాంటిది.

అప్పుడు కమిటీల ఒక నిర్ణయం తీసుకున్నం. మన కమ్యూనిటీ హాల్ బయట గోడకు ఒక బోర్డు పెట్టినం, నడుమ గీత, ఎడమ దిక్కు "విన్న మాట", కుడి దిక్కు "దొరికిన కాగితం". ఎవరు ఏం విన్నా చీటీ రాసి డబ్బాల వెయ్యాలె, అది ఎడమ దిక్కు ఎక్కుతది, దానికి సాక్ష్యంగ జీవో గానీ సర్కారు ప్రకటన గానీ చట్టం గానీ దొరికితేనే కుడి దిక్కు ఎక్కుతది. మార్చి నాటికి 112 చీటీలు వచ్చినయి, 17 చీటీలకే కుడి దిక్కు రాయగలిగినం. ఆ 17 కోసం ఎన్ని ఆఫీసులు తిరిగినమో మాకు తెలుసు.

కుడి దిక్కు ఎక్కినవాటిల ముఖ్యమైనవి ఇక్కడ రాస్త, మీటింగుకు రానోళ్ళు గూడా చదువుకుంటరు. మూసీ రివర్‌ఫ్రంట్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ 2017ల పెట్టిందే, ఇప్పుడు కొత్తగ పుట్టింది కాదు. ప్రాజెక్టు పొడుగు 55 కిలోమీటర్లు, జంట జలాశయాల (ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్) కాడి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు దగ్గరి గౌరెల్లి దాక. ప్రాజెక్టు ఖర్చు లక్షన్నర కోట్లు అన్న లెక్క 2024ల ముఖ్యమంత్రే చెప్పిండు, అదే ఏడాది అక్టోబర్ల ఇంకా డీపీఆర్ (ప్రాజెక్టు పూర్తి వివరాల రిపోర్టు) తయారు కాలేదని, దానికి కన్సల్టెంట్లకు 141 కోట్లకు పని ఇచ్చినమని గూడా ఆయనే చెప్పిండు. అంటే గోడల మీద రంగు పడ్డనాటికి ప్లానే పూర్తిగ లేదు. బఫర్ సంగతికొస్తే 2012 నాటి జీవో 168 ప్రకారం కార్పొరేషన్ హద్దుల నది సరిహద్దు నుంచి 50 మీటర్లు, వంద అనేది హద్దుల బయట. ఇంక 2013 భూసేకరణ చట్టం, దాని ప్రకారం తీసుకుంటే ముందు సామాజిక ప్రభావ అంచనా చేయాలె, నోటిఫికేషన్ ఇయ్యాలె, అభ్యంతరాలకు 60 రోజులు ఇయ్యాలె. ఈ ఒక్క ముక్క బోర్డు మీద ఎక్కిన రోజు బ్రోకర్లు మన గల్లీకి వచ్చుడు చాలా తగ్గింది.

ఇప్పుడు ఈ ఏడాది మన సంఘం గర్వంగ చెప్పుకునే పని సంగతి. 50 మీటర్లు సరే, ఎక్కడి నుంచి 50? నది సరిహద్దు అంటే రెవెన్యూ నక్షల ఉన్న గీతనా, ఇప్పుడు నీళ్ళు పారే అంచా, పెద్ద వరద వచ్చినప్పుడు నీళ్ళు ఎక్కిన జాగనా? మూడిటికి మూడు లెక్కలు, ఒక లెక్కల మన దగ్గర ఆరిండ్లు పోతయి, ఇంకో లెక్కల తొంభై. ఎవరూ చెప్తలేరు కదా అని జనవరిల ఒక ఆదివారం మనమే కొలుసుకున్నం. బేగంబజార్ల నూలు తాడు కొన్నం, పది మీటర్లకో ముడి వేసి ఎర్ర గుడ్డ కట్టినం. ఇరిగేషన్ల చేసి రిటైరైన ఒక పెద్దమనిషి పిలవంగనే వచ్చి పొద్దుగాల ఏడు నుంచి సాయంత్రం దాక మనతోనే ఉన్నడు, ఆటో ఛార్జీ గూడా తీసుకోలే. నది గోడ కాడ ఒకరు తాడు పట్టుకుంటే ఇంకొకరు గల్లీలల్లకెళ్ళి గుంజుకుంటూ పోవుడు, అడ్డం గోడొస్తే మిద్దె మీదికెళ్ళి. టైలర్ భాయ్ ఆఖరి మీటరు తన టేపుతోటి సెంటీమీటర్ల దాక చెప్తుంటే పదో తరగతి పిల్ల రిజిస్టర్ల రాసింది. ఇంటి నంబరు, గోడ నుంచి దూరం, గడప ఎత్తు, కట్టిన ఏడు, ఏమేం కాగితాలున్నయి, పట్టానా నోటరీనా ఉత్త కరెంటు బిల్లేనా, ఇంట్ల నడవలేని ముసలోళ్ళు ఎవరన్న ఉన్నరా. ఒక్క రోజుల 97 ఇండ్లు అయినయి. హిందూ ముస్లిం, ఓనరు కిరాయిదారు అని లేకుండ ఆ తాడు ప్రతి ఇంటి గడప తొక్కింది. మధ్యాహ్నం ఖాలా వాళ్ళింటి నుంచి ఖిచిడీ, మా లైన్ అక్కల నుంచి పచ్చిపులుసు, రోడ్డు మీదనే కూసొని తిన్నం. ముప్పై ఏండ్ల నుంచి ఈ సంఘంల ఉన్న, ఇట్లాంటి ఆదివారం నేను చూడలే.

తిన్నంక ఆ పెద్దమనిషి 1908 సంగతి చెప్పిండు. సెప్టెంబర్ 28న మూసీ పొంగి పదిహేను వేల మంది దాక పోయిండ్రని, ఉస్మానియా దవాఖాన కాడి చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది బతికిండ్రని. ఆ తర్వాతనే విశ్వేశ్వరయ్యను పిలిపించిండ్రు, 1920ల ఉస్మాన్‌సాగర్, 1927ల హిమాయత్‌సాగర్ పూర్తయినయి, అవి తాగే నీళ్ళ కోసమే అనుకుంటం గానీ అసలు కట్టింది నగరాన్ని వరద నుంచి కాపాడెతందుకు అని. నదికి జాగ కావాలె, అది నిజమే, గానీ ఎంత జాగనో ముందు నక్ష మీద చూపెట్టాలె అన్నడు. నాకు ఆ మాట మనసుల పడ్డది. మేము నది బాగుపడొద్దు అంటలేము, ఈ మాట గట్టిగ రాస్తున్న, ఎందుకంటే బయటోళ్ళు మనల్ని అట్లనే చూస్తరు. ఆ వాసన పీల్చేది మనం, ఎండకాలం ఇత్తడి గిన్నెలు తోమిన మూడో నాడే నల్లబడేది మన ఇండ్లల్ల. మూసీ శుభ్రమైతే అందరికంటే ముందు సంతోషపడేది మనమే.

రెండో ఆదివారం మిగిలిన 67 ఇండ్లు కొలవాలె. వాట్సాప్ గ్రూపుల 212 నంబర్లున్నయి, అందరూ బొటనవేలు గుర్తు పెట్టిండ్రు, పొద్దున ఏడింటికి వచ్చింది నలుగురు. తాడు పట్టెతందుకు రెండో మనిషి లేక నేను స్తంభానికి కట్టి కొలిచిన. రాత్రి పన్నెండింటికి జెయింట్ వీల్ వీడియో ఫార్వర్డ్ చేసెతందుకు టైముంటది, మన ఇల్లు మనం కొలుసుకునెతందుకు ఉండదా? యూత్ సభ్యులు తప్పు పట్టుకోవద్దు, పట్టుకున్నా ఫరవాలేదు గానీ ఈసారి రండి. ఆ 67ల ఇంకా 22 ఇండ్లు మిగిలే ఉన్నయి.

సమాచార హక్కు కింద నాలుగు దరఖాస్తులు పెట్టినం, పది రూపాయల ఫీజు, చట్టం ప్రకారం 30 రోజులల్ల జవాబు ఇయ్యాలె. అడిగింది రెండే ముక్కలు, మన దగ్గర నది సరిహద్దు గీసిన నక్ష కాపీ ఇయ్యండి, గోడల మీద రాతలకు ఆధారమైన ఉత్తర్వు కాపీ ఇయ్యండి. ఒక ఆఫీసు ఇంకో ఆఫీసును అడగమన్నది, ఆ ఆఫీసు ఇంకా ప్లానింగుల ఉన్నది అన్నది, మూడో దాని నుంచి జవాబే లేదు, నాలుగో ఆఫీసు దరఖాస్తు పోయింది అంటే మా దగ్గరున్న రసీదు చూపించినం. అప్పీలు వేసినం, అది నడుస్తున్నది. 11 సార్లు తిరిగినం. ఒకసారి మన ఉపాధ్యక్షురాలు టీచరమ్మ సెలవు పెట్టి మూడు గంటలు బెంచి మీద కూసుంటే, లోపలికి పిలిచి "మీకెందుకమ్మా, ప్రభుత్వం మంచిగనే చూసుకుంటది" అని పంపించిండ్రట. ఇల్లు ఎవరిదో వాళ్ళకే ఎందుకు అనుడు నాకు ఇప్పటికీ అర్థం కాదు.

2025 సెప్టెంబర్ 26 రాత్రి జంట జలాశయాల గేట్లు ఎత్తినంక ఎంజీబీఎస్ (ఇమ్లీబన్) బస్టాండులకే నీళ్ళొచ్చినయి, అందరూ టీవీల చూసిండ్రు. మన కింది లైన్ల రాత్రి పదకొండుకు మోకాలు దాక వచ్చినయి. అప్పుడు పనికొచ్చింది ఆ రిజిస్టరే. ఏ గడప అన్నిటికంటే కిందికున్నదో, ఏ ఇంట్ల మంచం దిగలేనోళ్ళున్నరో రాసి ఉన్నది కాబట్టి వరుస ప్రకారం 14 మందిని కుర్చీలల్ల మోసుకొని హాలుకు తెచ్చినం, సున్నం పూసిన పెద్దమ్మ అందుల మొదటామె. ఒక్క ప్రాణం పోలే. సామాను పోయింది, రెండు ఫ్రిజులు, కుట్టుమిషన్లు, పిల్లల పుస్తకాలు. రిజిస్టర్ మాత్రం టీచరమ్మ ప్లాస్టిక్ కవర్ల కట్టి నెత్తి మీద పెట్టుకొని వచ్చింది.

లెక్కలు: పాత నిల్వ 18,450, చందాలు 71,300, విరాళాలు 26,000, మొత్తం 1,15,750. ఖర్చు 97,180, నిల్వ 18,570 రూపాయలు. బిల్లులు కోశాధికారి దగ్గరున్నయి, కావాల్సినోళ్ళు చూసుకోవచ్చు. 38 ఇండ్లు చందా బాకీ.

కృతజ్ఞతలు చాలామందికి చెప్పాలె. పేర్లు రాయొద్దని వాళ్ళే అన్నరు కాబట్టి పనులే రాస్తున్న. ఆ ఇరిగేషన్ పెద్దమనిషికి, తాడు సగం ధరకిచ్చిన దుకాణం సేటుకు, బోర్డు ఉత్తగనే రాసిచ్చిన పెయింటర్ అన్నకు, టైలర్ భాయ్‌కి, రిజిస్టర్ రాసిన బిడ్డకు (పదిల మంచి మార్కులతో పాసయింది, సంఘం తరఫున సన్మానం ఉంటది), దరఖాస్తులు ఇంగ్లీషుల రాసిపెట్టిన లా చదివే తమ్మునికి, జిరాక్స్ అన్నకు, ఖిచిడీ ఖాలాకు, వరద రాత్రి కుర్చీలు మోసిన ఆటో స్టాండు పిల్లలకు, హాలు తాళం అర్ధరాత్రి తీసిచ్చిన మసీదు కమిటీ పెద్దలకు, అన్నం వండి పంపిన గుడి కమిటీకి, ఇంటి పని పక్కకు పెట్టి ఆఫీసులు తిరిగిన టీచరమ్మకు. ఫోటోలు దిగి పోయిన నాయకులకు చెప్పేదేమీ లేదు.

వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి మిగిలిన 22 ఇండ్లు కొలుస్తం. తాడు నా దగ్గరున్నది. ఇంటి కాగితాల జిరాక్స్ ఇంకా ఇయ్యనోళ్ళు రెండేసి సెట్లు తెచ్చియ్యండి, ఒకటి రిజిస్టర్ల, ఒకటి మీ చుట్టాలింట్ల పెట్టుకోండి.

ఇట్లు
కార్యదర్శి