ఫ్యాన్ చప్పుడుకు లైనక్స్‌ను దోషిని చేశారు

పెదవాల్తేరు, విశాఖపట్నం,
4 అక్టోబరు 2025

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: వారంటీలో ఉన్న లాప్‌టాప్‌కు ఫ్యాన్ మార్చకపోవడం, నన్ను అడగకుండా డిస్క్ మొత్తం చెరిపేయడం గురించి ఫిర్యాదు.

నమస్కారం.

నేను ఇంటి దగ్గరే డీటీపీ పని చేసుకుంటాను. శుభలేఖలు, గుడి కరపత్రాలు, అప్పుడప్పుడు చిన్న పుస్తకాలు. ఈ ఏడాది జనవరి 12న ద్వారకానగర్‌లోని ఒక దుకాణంలో మీ కంపెనీ లాప్‌టాప్ కొన్నాను. ఏడాది వారంటీ ఉంది, అంటే ఇంకా మూడు నెలల పైచిలుకు మిగిలే ఉంది. బిల్లు, వారంటీ కార్డు, మీ సర్వీస్ సెంటర్ ఇచ్చిన జాబ్ షీట్, వీటి నకళ్లు ఈ ఉత్తరంతో జతచేశాను.

ఆగస్టు మూడో వారంలో ఎడమవైపు ఫ్యాన్ చప్పుడు చేయడం మొదలుపెట్టింది. మొదట్లో సన్నగా గరగర. పది రోజులు తిరిగేసరికి ఎండిన కొబ్బరి చిప్పను గచ్చు మీద గీకినట్టు తయారైంది. పక్క గదిలో పడుకున్న మా అమ్మ లేచి వచ్చి ఆపమనేది. సెప్టెంబరు 8న మీ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లి ఇచ్చాను. రెండు రోజుల్లో ఫోన్ చేస్తామన్నారు. ఐదో రోజున చేశారు.

"మేడమ్, మీ సిస్టమ్‌లో ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్, అదే ఓఎస్, వేసేశారు కదండీ, వారంటీ రాదు. ఫ్యాన్‌కి 4,800, జీఎస్టీతో కలిపి 5,664 అవుతుంది. చేసేయమంటారా?"

వద్దన్నాను. మర్నాడు వెళితే పరిశీలన రుసుము అని 590 రూపాయలు కట్టించుకుని లాప్‌టాప్ చేతికిచ్చారు. ఇంటికొచ్చి తెరిచాక చూస్తే, ఏ ఓఎస్ తెరవాలని రోజూ అడిగే మెనూ లేదు. కొత్తగా కొన్న రోజున అడిగినట్టు ఏ భాష కావాలి, ఏ దేశం అని విండోస్ అడుగుతోంది. నా డిస్క్‌లో ఉన్నదంతా పోయింది. ఫ్యాన్ మాత్రం అలాగే గీకుతోంది.

విండోస్ పక్కన ఆ రెండో ఓఎస్ ఎందుకు వేసుకున్నానో చెబుతాను, ఎందుకంటే మీవాళ్లు దాన్ని నేరంలాగా రాశారు. నా పనంతా పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాలకు అనూ ఫాంట్లు. అది విండోస్‌లో తప్ప నాకు కుదరదు. లాప్‌టాప్‌లో ఉన్నది 8 జీబీ ర్యామ్. పని చేసుకునే వైపు ఆటలు, వాటిని తెరిచే లాంచర్లు, వాటి అప్‌డేట్లు వచ్చి చేరితే ఒక రోజు ఫాంట్ తెరుచుకోదు, ఇంకో రోజు ప్రింటు రాదు. పాత సిస్టమ్‌తో రెండేళ్లు ఆ అవస్థ పడ్డాను. అందుకే ఈసారి పనికి విండోస్, ఆటలకి లైనక్స్‌లో ఒక రకమైన ఉబుంటు ఓఎస్ అని విడదీసుకున్నాను. లైనక్స్ మీద ఆటలేమిటని మీ ఇంజినీరు గారు నవ్వారు. విండోస్ కోసం రాసిన ఆటల్ని లైనక్స్‌లో నడిపే ప్రోటాన్‌ను వాల్వ్ కంపెనీ 2018లోనే స్టీమ్ అనే తన ఆన్‌లైన్ ఆటల దుకాణంలో పెట్టింది. 2022లో అదే కంపెనీ అమ్మకానికి తెచ్చిన స్టీమ్ డెక్ అనే చేతి గేమింగ్ యంత్రంలో కొన్న రోజునుంచే ఉండేది లైనక్స్ ఆధారమైన ఓఎస్. వాలరెంట్ లాంటి ఆటలు వాటిలో మోసాన్ని పట్టే యాంటీ చీట్ ప్రోగ్రాం వల్ల లైనక్స్‌లో ఆడవని తెలుసు, అవి నాకు అక్కర్లేదు.

గుడ్డిగా చేసిన పని కూడా కాదు. ముందు పని ఫైళ్లన్నీ బయటి హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించాను. డిస్క్‌కు విండోస్ వేసే తాళం బిట్‌లాకర్, దాని 48 అంకెల రికవరీ కీని కాగితం మీద అచ్చు తీసి బీరువాలో పెట్టాను. విండోస్ సొంత డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే సీ డ్రైవ్‌ను కుదించి, 512 జీబీలో 150 జీబీ ఖాళీ చేసి, అందులో మాత్రమే ఉబుంటు వేశాను. సంతకం లేని ప్రోగ్రాంతో లాప్‌టాప్‌ను మొదలవనివ్వని సెక్యూర్ బూట్‌ను ఆపలేదు. ఉబుంటు మొదట లోడ్ చేసే చిన్న ప్రోగ్రాంకు మైక్రోసాఫ్ట్ సంతకం ఉంటుంది కాబట్టి ఆపాల్సిన అవసరమే రాలేదు. అంటే మీరు అమర్చి పంపిన తాళమే సంతకం చూసి దాన్ని లోపలికి రానిచ్చింది. నేను పగలగొట్టింది ఏదీ లేదు.

ఇక జాబ్ షీట్ సంగతి. అందులో మూడు ముక్కలున్నాయి: "థర్డ్ పార్టీ ఓఎస్", "ఓఎస్ ట్యాంపరింగ్", "డేట్ టైమ్ ఎర్రర్". మూడోదాన్ని చూపించి ఇంజినీరు గారు, "చూశారా, గడియారం కూడా తప్పు చూపిస్తోంది, మదర్‌బోర్డు దాకా వెళ్లింది" అన్నారు. ఎంత తప్పు చూపిస్తోందో ఆయన లెక్కేసి ఉంటే బాగుండేది. సరిగ్గా ఐదున్నర గంటలు వెనక. సాయంత్రం 7 అయితే మధ్యాహ్నం 1:30. లైనక్స్ మదర్‌బోర్డు గడియారంలో గ్రీనిచ్ లెక్కన ఉండే యూటీసీ సమయాన్ని రాస్తుంది, విండోస్ అదే గడియారాన్ని స్థానిక సమయం అనుకుని చదువుతుంది. మన దేశ సమయానికి, యూటీసీకి తేడా ఐదున్నర గంటలు. బ్యాటరీ పోయిన గడియారం నిమిషం కూడా అటూ ఇటూ కాకుండా ఐదున్నర గంటలే తప్పదు. రెండు ఓఎస్‌లు వేసుకున్న ప్రతివారూ మొదటి వారంలో చూసే విషయమిది, ఒక్క కమాండుతో సరిపోతుంది. ఇంటర్నెట్ తగలగానే ఎలాగూ సర్దుకుంటోంది కదా అని నేను వదిలేశాను. దాన్ని మదర్‌బోర్డు జబ్బుగా రాయడం తప్పు.

అసలు విషయం ఫ్యాన్. లైనక్స్‌లో ఫ్యాన్ ఎప్పుడూ ఫుల్ స్పీడ్‌లో తిరిగి అరిగిపోయిందని మీవాళ్ల వాదన. మీ లాప్‌టాప్‌లో ఫ్యాన్ వేగాన్ని నడిపేది బోర్డు మీద ఉన్న ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిన్న చిప్. వేడిని బట్టి వేగం పెంచేదీ తగ్గించేదీ అదే. పైన విండోస్ ఉన్నా, ఉబుంటు ఉన్నా దాని పని మారదు. అయినా ఫుల్ స్పీడ్‌లో తిరిగితే ఎనిమిది నెలలకే అరిగిపోయే ఫ్యాన్ అయితే, అది నా తప్పు ఎలా అవుతుంది?

వాదన కూడా అక్కర్లేదు, చెవి చాలు. లాప్‌టాప్ ఆన్ చేస్తూ ఎఫ్2 నొక్కితే బయోస్ తెర వస్తుంది. ఆ తెర మీద ఉన్నంతసేపూ విండోస్ ఉండదు, లైనక్స్ ఉండదు, డిస్క్‌లోంచి ఏ ఓఎస్సూ ఇంకా లోడ్ కాలేదు. అక్కడ రెండు నిమిషాలు ఆగితే అదే గీకుడు, అదే ఎడమవైపునుంచి. కౌంటర్ దగ్గర నేనే నొక్కి వినిపించాను. ఆయన విన్నారు. విని, "మా సిస్టమ్‌లో ఓఎస్ ట్యాంపర్డ్ అని ఎంట్రీ పడిపోయిందండీ, ఇక మా చేతుల్లో లేదు" అన్నారు. నాకు అప్పుడు నిజంగా కోపం వచ్చింది. నిజం చెవికి వినపడుతుంటే ఎంట్రీ పడిపోయిందనడమేమిటి?

ఇంకొకాయన మీది బీచ్ దగ్గర ఇల్లు కదా, ఉప్పుగాలికి పోయి ఉంటుందన్నారు. అమ్మింది విశాఖలోనే. ఇక్కడ గాలి ఇలాగే ఉంటుందని అమ్మేటప్పుడు తెలియదా?

మీ వారంటీ కార్డును అక్షరం వదలకుండా చదివాను. సాఫ్ట్‌వేర్ వల్ల కలిగే నష్టాలకు వారంటీ వర్తించదని ఉంది. ఒప్పుకుంటాను. ఉబుంటులో వైఫై రాకపోతే మీ దగ్గరికి రాను, ఆ బాధ నాది. కానీ రెండో ఓఎస్ వేస్తే హార్డ్‌వేర్ వారంటీ పోతుందని అందులో ఎక్కడా లేదు. ఉంటే ఏ పేజీలో, ఏ వాక్యమో చూపించండి.

ఇప్పుడు చెరిపేసిన డిస్క్ గురించి. జాబ్ షీట్ వెనక సన్న అక్షరాల్లో డేటాకు తమది బాధ్యత కాదని ఉంది, దాని కింద నేను సంతకం చేశాను. రిపేరు చేస్తుండగా డేటా పోతే ఆ మాట చెల్లుతుంది. ఫ్యాన్ మార్చాలంటే అడుగు మూత స్క్రూలు విప్పాలి, డిస్క్‌ను ముట్టుకోనక్కర్లేదు. మీవాళ్లు ముట్టుకోవాల్సిన ఫ్యాన్‌ను ముట్టుకోలేదు, ముట్టుకోకూడని డిస్క్‌ను చెరిపారు. వారంటీ లేదని చెప్పాక, రిపేరు నేను వద్దన్నాక, ఇంక ఫార్మాట్ చేయాల్సిన పనేముంది? ఒక్క ఫోన్ చేసి అడగలేదు.

నా పని ఫైళ్లకు నకలు ఉంది. అయినా పేజ్‌మేకర్, ఫాంట్లు, ప్రింటర్ మళ్లీ సర్దుకునేసరికి రెండు రోజులు పట్టింది. దసరా ఉత్సవాల కరపత్రాలు రెండు వేరేవాళ్లకి వెళ్లిపోయాయి, వాటి విలువ 3,500 రూపాయలు.

పూర్తి నకలు లేనిది ఒకటుంది. లువాంటి అని ఉచితంగా దొరికే ఆట, నిరుటి దాకా మైన్‌టెస్ట్ అనేవారు. దిమ్మ మీద దిమ్మ పేర్చుకుంటూ మనకు కావలసిన లోకం కట్టుకోవచ్చు. మా తమ్ముడు జూన్‌లో మర్చంట్ నేవీలో చేరి ఓడెక్కాడు. వెళ్లేముందు రెండు నెలలు రాత్రిపూట ఇద్దరం కూర్చుని అందులో మన విశాఖ కట్టాం. ముందు బీచ్ రోడ్డు, తర్వాత డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని మీద లైట్‌హౌస్. ఆర్కే బీచ్‌లోని ఐఎన్ఎస్ కుర్సురా జలాంతర్గామి కట్టడానికే పదకొండు రాత్రులు పట్టింది. అది అసలు 91 మీటర్ల పొడవుంటుంది, ఆటలో ఒక దిమ్మ ఒక మీటరు. వాడు 91 దిమ్మలు లెక్కపెట్టి మరీ పేర్చాడు. ఒకటి తక్కువైందని అర్ధరాత్రి తోక భాగం మొత్తం విప్పి మళ్లీ కట్టాడు. వాడు వెళ్లాక కైలాసగిరి నేను మొదలుపెట్టాను, డిసెంబరులో సెలవుకొచ్చినప్పుడు చూపిద్దామని.

ఆ ఆట లోకమంతా డిస్క్‌లో ఒక ఫోల్డర్‌గా ఉంటుంది, క్లౌడ్‌లోకి దానంతటది వెళ్లదు. నా పెన్‌డ్రైవ్‌లో ఉన్నది మే మొదటి వారం నకలు. అందులో రోడ్డుంది, కొండ సగం ఉంది. కుర్సురా లేదు. తెలిసినవాళ్ల చేత రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టి వెతికించాను. నాది ఎస్ఎస్‌డీ రకం డిస్క్, దాన్ని ఫార్మాట్ చేసినప్పుడు ట్రిమ్ అనే ఆదేశంతో పాత డేటా ఉన్న గళ్లన్నీ ఖాళీ అయిపోతాయి, ఏమీ దొరకలేదు. తమ్ముడికి ఇంకా చెప్పలేదు.

దీనికి డబ్బు అడగడం లేదు, దానికి నేను వెల కట్టలేను. జరిగింది తప్పని మీ కంపెనీ తరఫున రాతపూర్వకంగా ఒప్పుకోండి. ఫ్యాన్ వారంటీ కింద ఉచితంగా మార్చండి. 590 రూపాయలు, పోయిన పని తాలూకు 3,500 రూపాయలు తిరిగి ఇవ్వండి. మీ రికార్డులో నా లాప్‌టాప్ సీరియల్ నంబరు ఎదురుగా ఉన్న "ఓఎస్ ట్యాంపరింగ్" అనే మాట తీసేయండి, లేదంటే రేపు కీబోర్డు పోయినా ఇదే మాట చెప్పి పంపేస్తారు. డిస్క్ చెరపాలంటే ఆ ఒక్క పనికి విడిగా వినియోగదారు సంతకం తీసుకోవాలని మీ సెంటర్లకు రాయండి. సంతకం పెట్టేవాడు అప్పుడైనా ఆగి, నకలు ఉందా అని ఆలోచించుకుంటాడు.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపమని విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 5 లక్షల లోపు వ్యవహారానికి అక్కడ రుసుము కూడా లేదు. అంతదాకా వెళ్లాలని నాకు లేదు. మీ లాప్‌టాప్ మంచిదనే కొన్నాను, ఆ ఫ్యాన్ తప్ప దానిలో ఇప్పటికీ నాకు వంక కనిపించలేదు.

ఇంటికి ఇంజినీరును పంపితే మధ్యాహ్నం రెండు తర్వాత పంపండి, పొద్దున ప్రింటింగ్ ప్రెస్‌కు వెళతాను. వచ్చేవారికి ముందే చెప్పండి: ఆన్ చేయగానే ఎఫ్2 నొక్కి, రెండు నిమిషాలు ఆగి వినమని. ఉబుంటు మళ్లీ వేసుకున్నాను. ఈసారి దాన్ని ముట్టుకోవద్దని కూడా చెప్పండి.

ఇట్లు,
మీ వినియోగదారు,
పెదవాల్తేరు, విశాఖపట్నం.

జతపరచినవి: బిల్లు, వారంటీ కార్డు, జాబ్ షీట్ రెండు వైపులా, 590 రూపాయల రసీదు, బయోస్ తెర మీద ఫ్యాన్ చప్పుడు వినిపించే వీడియో ఉన్న పెన్‌డ్రైవ్.