ప్రసూతి సెలవులో ఉద్యోగం తీసేస్తే ఏం చేయాలో దారి చూపిన వాళ్లందరికీ

ప్రసూతి సెలవులో ఉండగా ఉద్యోగంలోంచి తీసేసిన మా సహోద్యోగికి అండగా నిలబడ్డ వాళ్లందరికీ మా అందరి తరఫున నమస్కారాలు. మీరు చెప్పిన మాటలు ఇంకో తల్లికి అక్కరకు వస్తాయని ఇక్కడ రాస్తున్నాం.

ముందు, "దేని మీదా సంతకం పెట్టకమ్మా" అని ఫోన్ చేసి ఆపిన యూనియన్ అక్కకు. హెచ్‌ఆర్ వాళ్లు పంపిన రాజీనామా లేఖలో కారణం 'వ్యక్తిగతం' అని కూడా టైపు చేసే ఉంది, సంతకం చోటు ఒక్కటే ఖాళీ. అది పెడితే కంపెనీ తీసేసినట్టు కాదు, తనే మానేసినట్టు లెక్క. ఆ తర్వాత బలవంతంగా రాయించుకున్నారని రుజువు చేయడానికే నెలలు పడుతుంది. ఫుల్ అండ్ ఫైనల్ (ఆఖరి లెక్కల సెటిల్‌మెంట్) కాగితంలో 'నాకింకేమీ రావాల్సింది లేదు' అన్న వాక్యంతోనూ ఇదే ఇబ్బంది.

చట్టం విడమరిచి చెప్పిన లాయరు గారికి. ఇది ఇంతకుముందు 1961 ప్రసూతి ప్రయోజన చట్టంలో 12వ సెక్షన్, 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో 68వ సెక్షన్. ఈ సెలవులో ఉన్న మనిషిని తీసేయకూడదు. సెలవు రోజుల్లోనే గడువు తీరేలా నోటీసు ఇవ్వకూడదు. ఆమెకు నష్టం కలిగేలా ఉద్యోగ షరతులూ మార్చకూడదు. తీసేస్తే, ఆర్డరు అందిన రోజు నుంచి 60 రోజుల్లోపు కార్మిక శాఖలో సంబంధిత అధికారికి అప్పీలు చేసుకోవాలి. పసిబిడ్డ ఉన్న ఇంట్లో రెండు నెలలు ఇట్టే గడిచిపోతాయి. కంపెనీతో మాటలు నడుస్తున్నా సరే, అప్పీలు మాత్రం వేసేయండి.

గర్భంతో ఉండగానే తీసేసినా, తీవ్రమైన దుష్ప్రవర్తన లాంటి కారణం ఉంటే తప్ప, ప్రసూతి డబ్బు పోదు. కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే 26 వారాల జీతం వస్తుంది. అప్పటికే ఇద్దరు పిల్లలుంటే 12 వారాలు. ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా)లో ఉన్నవాళ్లకు ఆ డబ్బు ఈఎస్‌ఐ ఇస్తుంది, అక్కడ అర్హత లెక్క వేరు. కాంట్రాక్టు గడువు ముగిసినా ఈ ప్రయోజనం ఆగదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది.

కంపెనీ మెయిల్ మూసేయకముందే సెలవు మంజూరు మెయిల్, పేస్లిప్పులు ప్రింటు తీసిపెట్టిన టీమ్‌మేట్‌కు ప్రత్యేకంగా థ్యాంక్స్. ఫోన్లో నోటిమాటగా తీసేశామంటే, "ఇవాళ ఫోన్లో మీరు చెప్పిన విషయం రాతపూర్వకంగా ఇవ్వండి" అని అదే రోజు మెయిల్ పెట్టాలని చెప్పిందీ ఆ అమ్మాయే.

లాయరు ఖర్చుకు భయపడి ఆగేవాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత సాయం ఉంది, ఫోన్ 15100.

చివరగా, రిజిస్టర్డ్ పోస్టులో వచ్చిన ఆర్డరు కవరును చించి పారేయకుండా బీరువాలో దాచిన మా సహోద్యోగి అత్తగారికి. 60 రోజులు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలో దాని మీదున్న పోస్టాఫీసు ముద్రే తేల్చింది.