బంతిలో కూర్చున్నవాణ్ని లేపడం

ఒరేయ్ బావా,

మూలా నక్షత్రం రోజు దుర్గ గుడి క్యూలో నువ్వు తిట్టిన తిట్లు ఇంకా మర్చిపోలేదు. ఫోన్‌లో గీతలు నిండుగా ఉన్నాయి, నెట్ మాత్రం రాలేదు. "మీ ఫోన్ కంపెనీవాళ్లు సర్వర్లు కట్టేసి పడుకున్నారా" అన్నావు. ఇవాళ తీరిక దొరికింది, చెబుతా విను.

ముందు నీ దుబాయ్ సిమ్ సంగతి. పది అడుగుల ముందు నిలబడి "ఎక్కడున్నావ్‌రా" అని వాట్సాప్ పెట్టావు చూడు. రోమింగ్‌లో మామూలుగా ఆ డేటా ముందు దుబాయ్ పోతుంది. టవర్ మనదే గానీ, నెట్‌లోకి వెళ్లే గేటు నీ సిమ్ కంపెనీ దగ్గరుంటుంది. అక్కణ్నుంచి తిరిగి నా జేబులోకి!

ఇక లోడు, అంటే సర్వర్ల మీద పడే ఫోన్ల బరువు. 4జీలో నువ్వెక్కడున్నావో గుర్తుపెట్టుకునే సర్వర్‌ని ఎంఎంఈ అంటారు. కొన్నిటిని జట్టుగా పెడతారు. ఒక్కోటీ తన సత్తా ఎంతో 0 నుంచి 255 లోపు ఒక అంకెలో టవర్లకు చెబుతుంది. కొత్త ఫోన్ రాగానే టవర్ ఆ దామాషాలో ఒకదానికి అప్పగిస్తుంది. పెళ్లి భోజనాల దగ్గర గుమ్మంలో నిలబడి "మీరు ఆ బంతిలోకి వెళ్లండి" అనే బాబాయి ఉంటాడే, అచ్చం అలా.

చిక్కల్లా విస్తరి ముందు కూర్చున్నాకే. ఫోన్ నాలుగు టవర్లు మారినా, ఆ జట్టు పరిధి దాటేదాకా పాత ఎంఎంఈనే పట్టుకుని ఉంటుంది. ఒక సర్వర్‌ని రిపేరుకి దించాలంటే దాని అంకె సున్నా చేస్తాం, కొత్తవాళ్లు రారు. ఉన్నవాళ్లని మాత్రం కొద్దికొద్దిగా లేపాలి. ఫోన్ మళ్లీ నమోదు చేసుకుంటుంది, ఈసారి పాత సర్వర్ పేరెత్తదు. టవర్ ఇంకో బంతిలో కూర్చోబెడుతుంది. నీకు తెలియను కూడా తెలియదు.

అందర్నీ ఒకేసారి లేపితే మాత్రం అంతే సంగతులు, అన్ని ఫోన్లూ ఒక్కసారే మిగతా సర్వర్ల మీద పడతాయి. నీలాంటి రోమింగ్ వాళ్లయితే మరీ టెన్షన్: ఒక్కొక్కరి కోసం సొంత దేశపు డేటాబేస్‌కి "మీవాడు ఇప్పుడు నా దగ్గరున్నాడు" అని కబురు పంపాలి. గన్నవరంలో విమానం దిగి అందరూ ఒక్కసారే ఫ్లైట్ మోడ్ తీసినా ఇదే తంతు.

అయినా ఆ రోజు తప్పు సర్వర్లది కాదనే నా అనుమానం. గీతలు సిగ్నల్ బలాన్ని చూపిస్తాయి, టవర్‌లో ఖాళీని కాదు. కొండ కింద అంతమంది వీడియో కాల్‌లో అమ్మవారిని చూపిస్తుంటే ఏ ఎంఎంఈ మాత్రం ఏం చేస్తుంది?

అన్నట్టు, నీ లడ్డూ ప్యాకెట్ నా బ్యాగులోనే ఉండిపోయింది. పిల్లలు తినేశారు.

నీ
బావ