దసరా తర్వాత మా దగ్గర షాకబ్జర్లు మార్పించుకున్న వాళ్లందరికీ

సత్యనారాయణపురంలో మా వాషింగ్ మిషన్ల సర్వీసు షాపును నమ్ముకుని ఏళ్లుగా వస్తున్న వాళ్లకు ఈ సంగతి నా నోటి నుంచే తెలియాలి. మొన్న దసరా నుంచి సంక్రాంతి దాకా ఫ్రంట్ లోడ్ మిషన్లకు మేం వేసిన షాకబ్జర్లు, అంటే డ్రమ్ము ఊపును ఆపే పార్టులు, నకిలీ సరుకు. కంపెనీ పెట్టెలో, కంపెనీ సీలుతోనే వచ్చాయి, లోపలి వస్తువు మాత్రం కంపెనీది కాదు. అవి వేసిన ప్రతి మిషన్‌కూ మళ్లీ కొత్తవి వేస్తాం. పార్టుకు, పనికి, ఇంటికి వచ్చినందుకు రూపాయి తీసుకోం. ప్రస్తుతానికి మీ మిషన్ కదలకుండా తిరుగుతున్నా సరే, మార్చే తీరతాం.

మొగల్రాజపురం నుంచి ఒక పిన్నిగారు ఫోన్ చేశాకే ఇది బయటపడింది. "బాబూ, మీ కుర్రాడు బాగు చేసి వెళ్లి ఎన్నాళ్లో కాలేదు. స్పిన్‌లో మిషన్ జరుగుతూ వచ్చి తలుపుకు అడ్డం పడింది, తలుపు తెరుచుకోవడం లేదు" అన్నారు. 60 కిలోల పైన బరువున్న మిషన్ అది. నేనే వెళ్లాను. కాళ్లు లెవెల్లోనే ఉన్నాయి, వాటి నట్లూ బిగుతుగానే ఉన్నాయి. డ్రమ్మును చేత్తో కిందికి నొక్కి వదిలితే మాత్రం ఊగుతూనే ఉంది. షాకబ్జర్లు మంచివైతే అది పైకి వచ్చి అక్కడే నిలబడాలి.

తీసినవి షాపుకు తెచ్చి కోసి చూశాం. డ్రమ్ము బరువును పైనున్న స్ప్రింగులు మోస్తాయి, ఊపును ఆపేది కిందున్న షాకబ్జర్లు. వాటి గొట్టంలో గ్రీజు పట్టించిన ఫోమ్ ఉంటుంది, అది రాడ్డును గట్టిగా పట్టుకుని ఉండాలి. స్పిన్ అందుకునే మొదట్లో, వేగం ఇంకా పెరగక ముందే ఊపు ఎక్కువ. అక్కడ ఆ పట్టు లేకపోతే డ్రమ్ము బాడీకి కొట్టుకుంటుంది, మిషన్ చోటు వదిలి కదులుతుంది. మేం కోసిన వాటిలో ఫోమ్ పలచగా ఉంది, అప్పటికే ఎండిపోయింది. రాడ్డు రెండు వేళ్లతో లాగితే వచ్చేసింది.

సరుకు ఇచ్చిన డీలరు ముందు అవి పెట్టాను. ఆయన వాటిని చేతిలోకి తీసుకోలేదు. మీ కుర్రాళ్లకు బిగించడం రాదు అన్నాడు. ఆ మాట నాకు ఇంకా మింగుడు పడలేదు. మిషన్ శబ్దం విని ఏది పోయిందో చెప్పగలిగే పిల్లలు వాళ్లు. ఒక అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మా షాపు వాళ్లకు పని రాదని ఎవరో రాశారట. అది కూడా ఈ సరుకు వల్లే.

అయినా ఆయన్ని వదులుకోవాలంటే నాకు నిద్ర పట్టలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, మునిగిన మిషన్లు మా షాపు ముందు రోడ్డు దాకా పేర్చి ఉన్నప్పుడు, ముందు డబ్బు అడగకుండా సామాను పంపింది ఈయనే. మీలో ఎంతోమంది మిషన్లు ఆ సామానుతోనే మళ్లీ తిరిగాయి. ఆ మేలు నేను మరిచిపోలేదు. చివరికి ఆయన కబురు పంపాడు, వేరే రకం షాకబ్జర్లు సగం రేటుకు ఇస్తాను, గొడవ వద్దు అని. సగం రేటు సరుకు మీ ఇంట్లో బిగించి నా బిల్లు మీద సంతకం పెట్టలేను. బాకీ అణా పైసలతో కట్టేశాను, ఆ లెక్క మూసేశాను. తప్పు ఒప్పుకుని, నా కుర్రాళ్ల గురించి అన్న మాట వెనక్కి తీసుకునే దాకా ఆ కొట్టు మెట్లు ఎక్కను.

ఇకపై షాకబ్జర్లు కంపెనీ డిస్ట్రిబ్యూటర్ దగ్గరే తీసుకుంటాం. కొత్తగా వచ్చే పనులకు రేటు పెరుగుతుంది, కొన్ని మోడళ్లకు ఎదురుచూడాల్సి వస్తుంది. ఈ విషయంలో బేరం ఆడొద్దని కోరుతున్నాను. బిగించే ముందు మీ ఎదుటే రాడ్డు లాగి చూపిస్తాం, జతగానే మారుస్తాం, తీసిన పాతవి మీ చేతికే ఇస్తాం. టాప్ లోడ్ మిషన్లకు షాకబ్జర్ల బదులు వేసే రాడ్లు వేరే చోట కొన్నవి, వాటి గురించి టెన్షన్ వద్దు.

మేం వచ్చే లోపు స్పిన్ వేగం నిమిషానికి 600 చుట్లు దాటనివ్వకండి. దుప్పటి ఒక్కటే వేసి తిప్పకండి, నీళ్లు పీల్చి ఒక పక్కకే ముద్దవుతుంది. డ్రమ్ము దబదబమని బాడీకి తగులుతుంటే వెంటనే ఆపేయండి. కదలకుండా ముందు ఇటుక అడ్డం పెట్టే అలవాటు చాలా ఇళ్లలో చూశాను, దయచేసి వద్దు. మిషన్ నిలబడ్డట్టే ఉంటుంది, లోపల డ్రమ్ము కొట్టుకోవడం మాత్రం ఆగదు. ఈ మధ్య ఇల్లు మారి, మిషన్ ఎక్కించేటప్పుడు డ్రమ్ము కదలకుండా వెనక రవాణా బోల్టులు బిగించిన వాళ్లుంటే అవి తీశారో లేదో కూడా చూసుకోండి.

రిజిస్టరులో ఉన్న వరుసలోనే ఫోన్లు చేస్తున్నాం. మిషన్ చోటు వదిలి జరుగుతున్న వాళ్లు మా ఫోన్ కోసం ఆగకుండా మీరే చేయండి, ముందు మీ ఇంటికే వస్తాం. పాత బిల్లు కనిపించకపోయినా పర్వాలేదు, మా దగ్గర రాసి ఉంది.